పెరటి కోళ్లకు చిరుతిండి: ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు, ఎంత వేయాలి

గిన్నె చప్పుడు వినగానే పెరట్లో కోళ్లన్నీ ఒక్క పరుగున వచ్చేస్తాయి. ఏం వేసినా ఎగబడి తింటాయి కాబట్టి వాటికి ఏదైనా అరుగుతుందనే నమ్మకం మనలో బలంగా ఉంది. నిజానికి పెరటి కోళ్లు దెబ్బతినేది అరుదైన విషపు మొక్కల కంటే రోజూ చేతితో వేసే వాటివల్లే: మోతాదు మించిన అన్నం, కూరల్లోని ఉప్పు, బూజు పట్టిన గింజలు. ఈ మూడూ అదుపులో ఉంటే మిగతావి చూసుకోవడం తేలిక.

ముందు లెక్క తెలుసుకోండి

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదు. అంటే ఒక్కో పెట్టకు 10 నుంచి 12 గ్రాముల పొడి గింజలు, దాదాపు ఒక టేబుల్ స్పూను. పది పెట్టలుంటే మొత్తం కలిపి వంద గ్రాములు. చూడ్డానికి చాలా తక్కువగా అనిపిస్తుంది. ఒక్కసారి తూచి, ఆ వంద గ్రాములు పట్టే డబ్బా ఒకటి పక్కన పెట్టుకోండి. ఇక రోజూ చేతి కొలత అక్కర్లేదు.

పరిమితి ఇంత గట్టిగా ఎందుకంటే, లేయర్ మేష్‌లో (గుడ్లు పెట్టే పెట్టల దాణాలో) మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, కాల్షియం మూడున్నర శాతానికి పైగా ఉంటాయి. బియ్యంలో మాంసకృత్తులు 7 శాతమే, కాల్షియం లేనట్టే లెక్క. పెట్ట తన తిండిలో సగం దాణా, సగం నూకలు తిన్నదనుకోండి. రోజుకు 18 గ్రాములు అందాల్సిన మాంసకృత్తులు 13కి పడిపోతాయి. 3.8 గ్రాములు అందాల్సిన కాల్షియం 2 గ్రాముల లోపుకు దిగుతుంది. ఒక్క గుడ్డు పెంకులోకే సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది, పైగా తిన్న కాల్షియం అంతా ఒంటికి పట్టదు. ఆ లోటును పెట్ట తన ఎముకల నుంచి తీసి పూడుస్తుంది. కొన్నాళ్లకు తోలు గుడ్లు, పగిలే గుడ్లు మొదలవుతాయి, తర్వాత గుడ్లే ఆగిపోతాయి. మాంసకృత్తులు తగ్గిన మందలో ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం కూడా కనిపిస్తుంది.

గూట్లో ఉంచి మేపే పెట్టకు మొక్కజొన్న, అన్నం దండిగా పెడితే ఇంకో ముప్పు ఉంది. కాలేయానికి కొవ్వు పడుతుంది. బరువుగా, నిగనిగలాడుతూ కనిపించిన పెట్ట ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి చచ్చి పడి ఉంటుంది. కోసి చూస్తే కాలేయం పసుపురంగులో మెత్తగా ఉంటుంది, పక్కన నెత్తురు గడ్డలు కనిపిస్తాయి. దిష్టి తగిలిందనుకుంటారు గానీ, కారణం మేతే.

నీటిశాతం ఎక్కువున్న ఆకుకూరలు, పుచ్చకాయ, దోసకాయ లాంటివాటిని గింజలంత కచ్చితంగా తూచనక్కర్లేదు. పెట్టకు 20, 30 గ్రాముల దాకా వేసినా దాణా తినడం పెద్దగా తగ్గదు.

ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి

పొద్దున్నే గూడు తెరవగానే చిరుతిండి వేయకండి. కోడి ఆకలిమీద ఉంటుంది, రుచిగా ఉన్నదానితో పొట్ట నింపుకుని దాణా ముట్టదు. ముందు దాణా పెట్టి, సాయంత్రం నాలుగు, ఐదు గంటలప్పుడు చిరుతిండి వేయండి. కోళ్లు గూటికి చేరే అలవాటు కూడా దీనితోనే పడుతుంది. గుడ్డు పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది కాబట్టి షెల్ గ్రిట్ (కాల్షియం కోసం పెట్టే ఆల్చిప్ప పొడి) గిన్నె సాయంత్రం తప్పకుండా నిండుగా ఉండాలి. దాన్ని దాణాలో కలపకండి. విడిగా పెడితే ఎంత కావాలో పెట్టే చూసుకుని తింటుంది, పుంజులు పెద్దగా ముట్టవు.

షెల్ గ్రిట్ వేరు, గులకరాయి వేరు. గింజలు, ఆకులు తినే కోడికి కందనకాయలో చిన్న రాళ్లు ఉండి తీరాలి. పళ్లు లేని కోడికి నమిలేది ఆ రాళ్లే. ఆల్చిప్ప పొడి లోపల కరిగిపోతుంది, నూరడానికి పనికిరాదు. బయట తిరిగే కోళ్లు రాళ్లు తామే ఏరుకుంటాయి. మేడమీద, సిమెంటు నేలమీద పెంచేవారు మాత్రం పెద్ద కోళ్లకు కందిగింజంత రాళ్లు, పిల్లలకు ముతక ఇసుక ఒక గిన్నెలో పెట్టాలి.

చిరుతిండిని నేలమీద, ముఖ్యంగా తడి రెట్టలున్నచోట చల్లకండి. కోళ్ల పేగులను దెబ్బతీసే కాక్సీడియా అనే సూక్ష్మజీవి గుడ్లు తిండితోపాటే కడుపులోకి పోతాయి. వెడల్పు పళ్లెంలో వేయండి. ఆరేడు కోళ్లు దాటితే రెండు మూడు పళ్లేలు దూరదూరంగా పెట్టండి, లేకపోతే గట్టి పెట్టలు రెండే తింటాయి, మిగతావి పొడిపించుకుంటాయి. ఆకుకూర కట్టను తాడుతో కోడి తలకంటే కాస్త ఎత్తున వేలాడదీయడం అన్నిటికంటే మంచి పద్ధతి. ముక్కుతో చించుకుని చిన్న ముక్కలుగా తింటాయి, ఆకు మట్టిలో పడదు, మూసి ఉంచిన కోళ్లకు పొద్దు గడుస్తుంది. పొడవాటి గడ్డి అయితే రెండంగుళాలకు మించకుండా కోయండి. పొడుగు పోచలు మెడ కింద మేత సంచిలో చిక్కుపడి ఉండలు కడతాయి.

ఇరవై నిమిషాల తర్వాత మిగిలింది తీసేయండి. తడి తిండి మన ఎండకు రెండు గంటల్లో పులుస్తుంది. రాత్రి వదిలేస్తే ఎలుకలు, పగలు వదిలేస్తే కాకులు వస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి భయం ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. బయటి పక్షులను మన గూటి దగ్గరికి రప్పించేది ఈ మిగిలిన తిండే.

ధైర్యంగా వేయదగినవి

మునగాకుకు మొదటి స్థానం ఇవ్వాలి. మాంసకృత్తులు, కాల్షియం, కెరోటిన్ మూడూ ఉన్నాయి, ఖర్చు లేదు. రెబ్బలు కోసి కట్ట కట్టి వేలాడదీస్తే కాడ మాత్రమే మిగులుతుంది. పచ్చసొన ముదురు రంగు తిరగడం వారం పది రోజుల్లో కనిపిస్తుంది. మందు కొట్టని బంతిపూల రేకులు, పసుపు మొక్కజొన్న కూడా సొనకు రంగు తెస్తాయి. పూజకు కొన్న బంతిపూలు మాత్రం వద్దు, వాటిమీద ఏ మందు కొట్టారో తెలియదు. పాలకూర, తోటకూర వారానికి రెండుసార్లు చాలు. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

అజొల్లా (నీటిమీద తేలే చిన్న నాచులాంటి మొక్క) పెంచే వీలుంటే పెట్టకు ఒక చిన్న గుప్పెడు వేయండి. పేడనీళ్లలో పెరుగుతుంది కాబట్టి జల్లెడలో వేసి మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, నీరు ఓడ్చాకే పెట్టాలి. కడగకుండా వేస్తే వాసనకు కోళ్లు ముట్టవు. మొదటి రోజుల్లో కొంచెం తవుడులో కలిపి అలవాటు చేయండి.

పండ్లలో బొప్పాయి, పుచ్చకాయ, గుమ్మడి, జామ, అరటి, మామిడి గుజ్జు అన్నీ మంచివే. తీపి పండ్లు వారానికి రెండు మూడుసార్లు చాలు. రోజూ వేస్తే రెట్ట పలచబడుతుంది. బొప్పాయి గింజలు, గుమ్మడి గింజలు తింటే కడుపులో పురుగులు పోతాయని నమ్మి నట్టల మందు మానేయకండి. అవి తిండిగా బాగుంటాయి, మందుకు బదులు కావు. సీతాఫలం గుజ్జు వేయొచ్చు, గింజలు ఒక్కటి కూడా పడకూడదు. ఆ గింజల పొడిని తలలో పేలకు, పురుగులకు వాడతారంటేనే దాని గుణం తెలుస్తోంది. కందనకాయలో నలిగితే లోపలి విషం బయటికొస్తుంది. నిమ్మ, బత్తాయి చాలా కోళ్లు వాటంతట అవే వదిలేస్తాయి.

గింజల్లో సజ్జలు, జొన్నలు, రాగులు, కొర్రలు, వడ్లు, నూకలు, మొక్కజొన్న రవ్వ, ఏవైనా సరే. పచ్చి బియ్యం కోడి కడుపులో ఉబ్బి చంపుతుందన్న మాటలో నిజం లేదు. మన ఊళ్లలో కోళ్లు తరతరాలుగా నూకలమీదే బతికాయి. తవుడు మంచిదే గానీ అందులో నూనె ఉంటుంది, మిల్లు నుంచి తెచ్చిన కొద్ది వారాలకే ముక్క వాసన వస్తుంది. రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. పెసలు మొలకలు చాలా మంచివి: ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వంచి, ఒక రోజు తడిగుడ్డలో కట్టి, తెల్లటి మొలక తొంగిచూడగానే వేసేయండి. మూడో రోజుకు బంక, బూజు మొదలవుతాయి.

చెదలు పట్టి పిల్లలకు వేయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ దానికి సాటిలేదు. పాత కుండలో చిరిగిన గోనె ముక్క, ఎండు పేడ, గడ్డి కుక్కి, కాస్త నీళ్లు చిలకరించి, చెదలు తిరిగేచోట సాయంత్రం బోర్లించాలి. తెల్లవారి ఎత్తి పళ్లెంలో దులిపితే పిడికెడు పురుగులు వస్తాయి. ఇంటి పునాదికి, చెట్టు మొదలుకు చెదల మందు కొట్టినచోట మాత్రం ఈ పని చేయొద్దు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగులు, వానపాములు కూడా మంచి మాంసకృత్తులే. చచ్చిన జంతువుల మీద పుట్టిన పురుగులు వేరు. వాటిలో బొటులిజం విషం ఉంటుంది. పురుగు చావదు, దాన్ని తిన్న కోడి మెడ వాలేసి, కాళ్లు పడిపోయి చస్తుంది. చచ్చిన కోడిని గట్టు అవతల పారేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చమనేది అందుకే.

ఉడికించిన గుడ్డు చిదిమి వేయడం ఈకలు రాల్చి కొత్త ఈకలు వేసే కోళ్లకు బలం. గుడ్డు పెంకులు కూడా పడేయకండి. ఎండబెట్టి, పెనంమీద వేయించి, రవ్వలా నలిపి వేయండి. సగం చిప్పలుగా వేస్తే కోడి గుడ్డును గుర్తుపట్టి, తన గుడ్డునే పొడుచుకు తినడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

పాలు వద్దు. పక్షుల పేగుల్లో పాలచక్కెరను అరిగించే గుణం లేదు, పారుడు పట్టుకుంటుంది. ఉప్పు వేయని పలచటి మజ్జిగ ఎండాకాలంలో ఎప్పుడైనా ఒకసారి పర్వాలేదు. ఎండలు ముదిరిన రోజుల్లో గింజలు ఉదయమైతే దాణా తిన్నాక ఎనిమిది లోపు, లేదా సాయంత్రం ఐదు తర్వాతే వేయండి. గింజ అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. మధ్యాహ్నం నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్న కోడికి ఆ వేడి తోడైతే ప్రాణంమీదికి వస్తుంది. ఆ వేళకు చల్లటి పుచ్చకాయ తొక్క, కీరదోస ముక్కలు, నీడలో చల్లని నీళ్లు చాలు.

ఉడికిస్తేనే వేయదగినవి

రాజ్మా, ఎండు చిక్కుడు గింజలు, అనుములు, సోయా పచ్చిగా వేయకూడదు. రాజ్మాలో ఉండే లెక్టిన్ పేగు గోడను దెబ్బతీస్తుంది. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనివ్వని గుణం ఉంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లుతూ ఉడికించి, మెత్తబడ్డాకే చల్లార్చి వేయండి. గోరువెచ్చగా, సగం ఉడికించడం ఇంకా ప్రమాదం.

కర్రపెండలం ఆకులోనూ దుంపలోనూ సైనైడ్ పుట్టించే పదార్థం ఉంది. తొక్క చెక్కి, ముక్కలు కోసి, మూత లేకుండా ఉడికించి, నీళ్లు వంచేయాలి. కంద, చేమదుంప పచ్చివి నోరు దురద పుట్టిస్తాయి. ఉడికిన బంగాళదుంప వేయొచ్చు. పచ్చబడిన తొక్కలు, మొలకలు ఉడికించినా పనికిరావు, అందులోని సొలనిన్ వంటతో పోదు. టమాటా, వంకాయ పండితే కాయలు సరే. వాటి ఆకులు, కొమ్మలు కోళ్లకు అందనివ్వకండి.

ఎంత తక్కువైనా వేయకూడనివి

బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న, చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి). 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజు తేలింది. అఫ్లటాక్సిన్ అన్న విషం లోకానికి తెలిసింది అప్పుడే. కాయలు ఎక్కువగా మన వానాకాలం కోతల్లో తడిసి, గోనెల్లో వేడెక్కి ఇదే బూజు పట్టించుకుంటాయి. పప్పు ముడుచుకుని, పసుపు పచ్చటి లేదా ఆకుపచ్చటి పొడి కనిపిస్తే, నోట్లో వేసుకుంటే చేదొస్తే, ఆ బస్తా మొత్తం అనుమానించాలి. ఎండబెడితే, వేయిస్తే, కడిగితే ఈ విషం పోదు. మనుషులకు పనికిరానివి కోళ్లకు పడేద్దామనుకునే మాట ఇక్కడ పూర్తిగా తప్పు. బాతులు పెంచేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, కోళ్లకంటే అవి ముందు పడిపోతాయి.

ఉప్పు. దాణాలో కావలసిన ఉప్పు ఎలాగూ కలిసే ఉంటుంది. దానిమీద ఆవకాయ ముక్కలు, అప్పడాలు, మిక్చర్, ఉప్పు చేప తలలు పడితే కోడి ఆగకుండా నీళ్లు తాగుతుంది, నీళ్లలా రెట్ట వేస్తుంది, తూలుతుంది. పిల్లలైతే త్వరగా చస్తాయి. నీళ్ల తొట్టి ఖాళీగా ఉన్న రోజున ఈ ప్రమాదం రెట్టింపు. అన్నం వేయాలంటే చారు, పులుసు కలవని ఉత్త అన్నం, పది పెట్టలకు రెండు గరిటెలు. పొద్దున మిగిలిన చద్దన్నం సరే. తీగ సాగే అన్నం, బూజు వాసన వచ్చే అన్నం పారేయాల్సిందే. సంక్రాంతి పుంజులకు బాదం, జీడిపప్పు పెట్టడం చూసి గుడ్ల పెట్టలకూ పెట్టాలనుకోకండి, వాటికి కొవ్వు తప్ప ఏమీ ఒరగదు. ఉప్పు వేసి వేయించిన జీడిపప్పు ఏ కోడికీ వద్దు.

మందు పట్టించిన విత్తనాలు. ఎరుపు, గులాబీ, నీలం రంగు పూసిన మొక్కజొన్న, జొన్న, వేరుశనగ విత్తనాలు నాటగా మిగిలితే ‘పోనీ కోళ్లకు’ అనిపిస్తుంది. కడిగినా మందు పోదు. విత్తనశుద్ధికి వాడే థైరమ్ ఒక్కటి చాలు, పెట్టలు తోలు గుడ్లు పెడతాయి, పిల్లల కాళ్లు వంకరపోతాయి. పురుగుమందు కూడా పూసి ఉంటే నిలబడ్డచోటే పడతాయి.

గుళికల మందు, యూరియా, డీఏపీ. ఇవి తిండి కాదు, కానీ కోడి కంటికి తినే రాళ్లలాగే కనిపిస్తాయి. చల్లిన మడిలోకి, ఖాళీ సంచి దులిపినచోటికి కోళ్లను రానివ్వొద్దు. ఎలుకల మందు కలిపిన నూకలు, తవుడు ఉండలు, అది తిని చచ్చిన ఎలుకలు కూడా అంతే. థర్మోకోల్ ముక్కలంటే కోళ్లకు పిచ్చి, పార్సిల్ విప్పాక అక్కడే వదిలేయకండి. కూరగాయల మార్కెట్లో పారేసే కాలీఫ్లవర్, క్యాబేజీ పై ఆకులు ఊరికే వస్తాయి గానీ, మందు ఎక్కువ తగిలేది ఆ ఆకులకే.

పత్తి గింజలు, పత్తి చెక్క. గేదెల కోసం తెచ్చిన చెక్కను పెట్టలు తిన్నాయంటే గుడ్డే చెబుతుంది: పచ్చసొన ముదురు ఆకుపచ్చగానో గోధుమరంగుగానో, తెల్లసొన గులాబీ రంగుగానో మారుతుంది, నిల్వ ఉంచిన గుడ్లలో ఇంకా స్పష్టంగా. దీనికి కారణం గాసిపాల్, దానితోపాటు ఉండే కొన్ని కొవ్వు ఆమ్లాలు. కుడితి తొట్టి మీద మూత పెట్టండి. ఆముదం గింజలు, ఆముదం చెక్క ఇంకా ఘోరం. మొక్కలకు ఎరువుగా వేసిన ఆముదం పిండిని మట్టిలో బాగా కలిపి, కోళ్లు కెలకకుండా కప్పాలి. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు పెరట్లో ఉంటే కొమ్మలు కొట్టి అక్కడే పడేయొద్దు.

మిగతావి క్లుప్తంగా: చాక్లెట్, వాడిన టీ పొడి, కాఫీ పొడి, అవొకాడో (గుజ్జుతో సహా), మిఠాయిలు, నూనెలో వేయించినవి వేయొద్దు. ఉల్లిపాయ రోజూ దండిగా వేస్తే రక్తం విరుగుతుంది, కూరలో ఒక ముక్క పడితే కంగారు పడనక్కర్లేదు. చికెన్ కొట్టు వ్యర్థాలు, పచ్చి పేగులు ఏ కారణంతోనూ గూటి దగ్గరికి తేవొద్దు. పక్క ఊరి కోళ్ల రోగాలన్నీ ఆ బకెట్‌లోనే వస్తాయి.

కోడిపిల్లలకు

మొదటి నాలుగు వారాలు స్టార్టర్ దాణా, నీళ్లు తప్ప ఏమీ వేయకపోవడమే మేలు. వేయాలనిపిస్తే మూడో వారం నుంచి, మెత్తగా చిదిమిన ఉడికించిన గుడ్డు, పది పిల్లలకు ఒక టీ స్పూను. చెదలు దొరికితే అవి. తల్లి వెంట తిరిగే నాటు పిల్లలు తమ తిండి తామే ఏరుకుంటాయి, వాటికి నూకలు కొద్దిగా చల్లినా చాలు. పెద్దవాటి లేయర్ మేష్‌ను పిల్లలకు పెట్టకండి. అందులోని ఎక్కువ కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది. పిల్లలూ పెట్టలూ ఒకే చోట ఉంటే అందరికీ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్ల దాణా) పెట్టి, షెల్ గ్రిట్ విడిగా ఉంచండి.

తేడా చేస్తే

పెట్ట ముడుచుకుని నిలబడితే, గూటికి చేరాక మెడ కింద మేత సంచి తడిమి చూడండి. తెల్లవారి మళ్లీ తడమండి. రాత్రికి రాత్రి ఖాళీ కావాలి. ఉదయం కూడా గట్టిగా పిండిముద్దలా ఉంటే గడ్డో, మరొకటో ఇరుక్కుంది. నీటిబుడగలా మెత్తగా ఉండి, నోటి నుంచి పులిసిన వాసన వస్తే సంచి పులిసింది. రెండింటికీ ఆ పూట మేత ఆపి నీళ్లు మాత్రం ఉంచాలి. తలకిందులుగా పట్టుకుని కక్కించకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి అక్కడికక్కడే చస్తుంది.

ఒకేసారి రెండు మూడు కోళ్లు పడిపోతే, సొంగ కారుస్తూ వణికితే, మెడ వాలేస్తే, ముందు మందనంతటినీ గూట్లో పెట్టి అవి తిన్నది అందకుండా చేయండి. తాజా నీళ్లు పెట్టండి. నూనె, ఉప్పునీళ్లు, పసర్లు పోయొద్దు. అవి తిన్నదాని నమూనా, మందు సంచి ఉంటే దాని మీది పేరు, చచ్చిన కోడి ఉంటే అది కవరులో కట్టి మంచుమీద ఉంచండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు, లేదా దగ్గరి పశువైద్యశాలకు వెళ్లండి. పురుగుమందు అనుమానం ఉంటే డాక్టర్ చెప్పేదాకా ఆ కోళ్ల గుడ్లు, మాంసం ఇంట్లో ఎవరూ తినకూడదు, కుక్కలకు కూడా వేయకూడదు.